నెల తప్పిన రోజు నుంచి బాలింత రోజుల దాకా: గర్భిణులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో అమ్మ, అత్తగారు నెలల్లో లెక్క చెబుతారు. ఆస్పత్రిలో వారాల్లో రాస్తారు. పరీక్షలు ఆలస్యమవడానికి, టీకా తప్పిపోవడానికి, తొందరపడి ఆపరేషన్ పెట్టుకోవడానికి వెనుక చాలాసార్లు ఈ రెండు లెక్కలూ కలవకపోవడమే ఉంటుంది. అందుకే ఈ పేజీ అంతటా ఒకే ఉదాహరణ వాడాం: చివరి బహిష్టు మొదలైన రోజు జనవరి 10 అనుకుందాం (లీపు సంవత్సరం కాదు). దాని స్థానంలో మీ తేదీ వేసుకోండి, మిగతా తేదీలన్నీ అంతే ముందుకో వెనక్కో జరుగుతాయి.

ఇంట్లో కిట్‌తో పరీక్ష ఎప్పుడు చేసుకోవాలి?

రావలసిన రోజు దాటాక. అంతకు ముందే చేస్తే గర్భం ఉన్నా లేదని చూపించవచ్చు. పొద్దున్నే మొదటిసారి పోసే మూత్రం చిక్కగా ఉంటుంది కాబట్టి అది మంచిది. కిట్‌తో వచ్చిన డ్రాపర్‌తో, ప్యాకెట్ మీద చెప్పినన్ని చుక్కలు గుంటలో వేసి 5 నిమిషాలు ఆగండి. సీ దగ్గర గీత రాకపోతే ఆ కిట్ పనిచేయలేదని అర్థం, టీ దగ్గర ఏముందో చూడక్కర్లేదు. రెండో గీత లేతగా ఉన్నా గర్భమే. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనబడే గీతను మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

గీత రాలేదు, బహిష్టూ రాలేదు అంటే వారం ఆగి మళ్లీ చేయండి. గీత వచ్చాక పొత్తికడుపులో ఒక పక్కన గట్టిగా నొప్పి, కళ్లు తిరగడం, రక్తం మరకలు ఉంటే గర్భం ట్యూబులో పడి ఉండవచ్చు. అప్పుడు వారం కాదు, గంట కూడా ఆగకూడదు.

కాన్పు తేదీ ఎలా లెక్కేస్తారు?

చివరి బహిష్టు మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలపాలి. జనవరి 10కి కలిపితే అక్టోబర్ 17. ఇది 280 రోజులు, అంటే 40 వారాలు. ఈ లెక్క 28 రోజులకోసారి బహిష్టు వచ్చేవాళ్లకు సరిపోతుంది. మీకు 35 రోజులకోసారి వస్తుంటే మరో వారం కలపండి, అక్టోబర్ 24 అవుతుంది.

తేదీ గుర్తులేనివాళ్లకూ, బహిష్టు క్రమం తప్పినవాళ్లకూ మొదటి మూడు నెలల్లో తీసిన స్కానే దిక్కు. ఆ వయసులో పిండం పొడవును బట్టి వేసే తేదీ వారానికి మించి తప్పదు. ఎనిమిదో నెలలో తీసిన స్కాన్‌లో వచ్చే తేదీ రెండు మూడు వారాలు అటూ ఇటూ ఉండవచ్చు. కాబట్టి తర్వాతి స్కాన్‌లలో తేదీ మారినట్టు కనిపిస్తే కంగారుపడి పాతది కొట్టేయకండి, మొదటి స్కాన్ తేదీయే నిలుస్తుంది.

"తొమ్మిదో నెల పడింది" అంటే ఎన్ని వారాలు?

మన ఉదాహరణలో ఎనిమిది నెలలు నిండి తొమ్మిదో నెల పడేది సెప్టెంబర్ 10న. అప్పటికి 34 వారాల 5 రోజులు. తొమ్మిది నెలలు నిండేది అక్టోబర్ 10న, సరిగ్గా 39 వారాలు. పడటానికీ నిండటానికీ మధ్య నెల తేడా ఉంది, బిడ్డ ఊపిరితిత్తులు తయారయ్యే నెల అదే. "తొమ్మిదో నెల" అని డాక్టర్‌కు చెబితే చాలదు, పడిందా నిండిందా చెప్పాలి. అంతకన్నా కార్డు మీద రాసిన వారాలు చదివి చెప్పడం మేలు.

పేరు ఎక్కడ రాయించుకోవాలి?

మీ ఊరి ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెబితే చాలు. 12 వారాల లోపు, అంటే మన ఉదాహరణలో ఏప్రిల్ 4 లోపు నమోదు అయిపోవాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు, ఎంసీపీ కార్డు అంటారు. ప్రైవేటులో చూపించుకునేవాళ్లు కూడా ఈ కార్డు తీసుకోవాలి. బిడ్డ టీకాలకూ, పథకాల డబ్బుకూ తర్వాత అందరూ అడిగేది దీన్నే.

కనీసం నాలుగుసార్లు చూపించుకోవాలి: 12 వారాల లోపు ఒకసారి, 14 నుంచి 26 మధ్య, 28 నుంచి 34 మధ్య, 36 తర్వాత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ఎనిమిదిసార్లు అంటోంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులను డాక్టర్ ఉచితంగా చూస్తారు. ఆ రోజు రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి.

మొదటిసారి వెళ్తే ఏమేం పరీక్షలు చేస్తారు?

బరువు, ఎత్తు, బీపీ, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగర్, మూత్రంలో ప్రోటీన్, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి. థైరాయిడ్ కూడా చాలాచోట్ల చేస్తారు. ధనుర్వాతం రాకుండా టీడీ టీకా మొదటి డోసు అప్పుడే వేస్తారు, నాలుగు వారాలకు రెండోది. గత మూడేళ్లలో గర్భంతో ఉన్నప్పుడు రెండు డోసులూ వేయించుకుని ఉంటే ఈసారి ఒక్క బూస్టర్ చాలు.

బ్లడ్ గ్రూపు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీది నెగెటివ్ అయితే భర్త గ్రూపు కూడా చేయించాలి. ఆయనది పాజిటివ్ అయితే బిడ్డకు పాజిటివ్ వచ్చే అవకాశం ఉంది. కాన్పులో బిడ్డ రక్తం మీ రక్తంలో కలిస్తే మీ ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. మొదటి బిడ్డకు ఏమీ కాదు, రెండో బిడ్డ రక్తకణాలను అవి దెబ్బతీస్తాయి. దాన్ని ఆపడానికి 28 వారాలప్పుడు (జూలై 25 ప్రాంతంలో) ఒకసారి, పుట్టిన బిడ్డ పాజిటివ్ అని తేలితే 72 గంటల లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు. గర్భం పోయినా, తీయించుకున్నా కూడా ఇది కావాలి. చాలామంది మర్చిపోయేది అక్కడే.

ఫోలిక్ యాసిడ్ ఎప్పటి నుంచి?

పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే, రోజుకు 400 మైక్రోగ్రాములు. బిడ్డ వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం పడిన 28 రోజులకే మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిసి, కిట్ తెచ్చి, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఆ పని దాదాపు అయిపోయి ఉంటుంది. ఇంకా మొదలుపెట్టకపోతే తెలిసిన రోజే మొదలుపెట్టండి. ఇంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టి ఉంటే 5 మిల్లీగ్రాముల మాత్ర కావాలి, అది డాక్టరే రాయాలి.

వేవిళ్లు ఎప్పుడు తగ్గుతాయి?

ఆరో వారం దగ్గర మొదలై, చాలామందికి నాలుగో నెల పడేసరికి సద్దుమణుగుతాయి. ఖాళీ కడుపుతో వికారం పెరుగుతుంది. మంచం దిగకముందే రెండు రస్కులో గుప్పెడు మరమరాలో నమిలి, పావుగంట ఆగి లేవండి. మూడు పూటలు తినేది ఆరుసార్లకు పంచుకోండి. తింటూ నీళ్లు తాగకుండా, మధ్యమధ్యలో గుక్కగుక్కగా తాగండి. పోపు వాసన పడకపోతే వంట కొన్నాళ్లు వేరేవాళ్లకు అప్పగించాల్సిందే, ఇందులో మొహమాటం అక్కర్లేదు. అల్లం కొందరికి పనిచేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే బీ6 విటమిన్, డాక్సిలమిన్ కలిసిన మాత్ర డాక్టర్ రాస్తారు. బిడ్డకు హాని లేదని ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందే.

తాగిన మంచినీళ్లు కూడా నిలవకపోవడం, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా రావడం, ముందున్న బరువులో వందకు ఐదు వంతులు తగ్గడం మాత్రం మామూలు వేవిళ్లు కావు. సెలైన్ ఎక్కించాలి.

ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందా?

పుట్టదు. నల్లబడేది మీ విరేచనం. మాత్రలో ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. కుంకుమపువ్వు, కొబ్బరిబొండం, తెల్ల వస్తువులు ఏవీ దాన్ని మార్చలేవు.

ఈ ఒక్క అపోహ వల్ల ఎన్ని స్ట్రిప్పులు బీరువాల్లో ఉండిపోతున్నాయో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో సగానికి పైగా, 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. 7 నుంచి 9.9 మధ్య ఉంటే మధ్యస్థం, 7 కన్నా తక్కువైతే తీవ్రం. 7 గ్రాములతో కాన్పుకు వెళ్లిన తల్లి, మరొకరు తట్టుకోగలిగిన రక్తస్రావాన్ని తట్టుకోలేదు. ప్రాణం మీదికి వచ్చేది అందుకే.

నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఎర్ర మాత్ర: అందులో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 180 రోజులు తప్పకుండా వేసుకోవాలి, కాన్పు తర్వాత మరో 180 రోజులు. రక్తహీనత ఉంటే రోజుకు రెండు. అన్నం తిన్న గంట తర్వాత నిమ్మరసంతోనో, ఒక ఉసిరికాయో జామపండో తినో వేసుకుంటే బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలతో వేసుకుంటే సగం వృథా. కనీసం గంట తేడా ఉంచండి. కడుపులో తిప్పితే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. మలబద్ధకం వస్తే మానేయకండి, ఆకుకూర, పీచున్న పండు, నీళ్లు పెంచండి.

నెల తర్వాత మళ్లీ రక్తం చూపించండి, కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే మాత్ర సరిగా వేసుకోకపోవడమో, నులిపురుగులో, తలసీమియా లాంటి వేరే కారణమో ఉంటుంది. నులిపురుగులకు నాలుగో నెల దాటాక అల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్కసారి ఇస్తారు. కాన్పు దగ్గరపడి మాత్రలకు టైం లేకపోతే ఐరన్‌ను సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. దానికి భయపడాల్సింది లేదు, అయితే ఆస్పత్రిలోనే ఎక్కించుకోవాలి.

మరో మాట. మట్టి, బలపాలు, సున్నం, పచ్చి బియ్యం తినాలనిపించడం వేవిళ్ల కోరిక కాదు, చాలాసార్లు అది ఐరన్ తగ్గిందన్న గుర్తు. సిగ్గుపడి దాచకుండా ఏఎన్ఎంకు చెప్పండి.

కాల్షియం కూడా అదే టైంలో వేసుకోవచ్చా?

వద్దు. రెండూ కలిస్తే ఐరన్ ఒంటికి పట్టదు. 14వ వారం నుంచి కాల్షియం 500 మి.గ్రా. చొప్పున రోజుకు రెండు. పొద్దున టిఫిన్‌తో ఒకటి, మధ్యాహ్నం అన్నంతో ఒకటి, ఐరన్ రాత్రికి పెట్టుకుంటే గొడవ ఉండదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని పరగడుపున వేసుకుని, ఐరన్‌కూ కాల్షియానికీ కనీసం నాలుగు గంటలు ఎడం ఉంచాలి. అంటే వాళ్లు పొద్దుటి కాల్షియాన్ని మధ్యాహ్నానికి, మధ్యాహ్నపుది సాయంత్రానికి జరుపుకోవాలి.

స్కాన్‌లు ఎన్నిసార్లు? ఎక్కువైతే బిడ్డకు ప్రమాదమా?

స్కాన్‌లో వాడేది శబ్ద తరంగాలు, ఎక్స్‌రే కాదు. అవసరమైనన్నిసార్లు తీయవచ్చు. ఊరికే చూసుకోవడానికి తీయించుకుంటే డబ్బు దండగ.

తప్పకుండా కావలసినవి రెండు. ఒకటి 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్య (మార్చి 28 నుంచి ఏప్రిల్ 17). బిడ్డ మెడ వెనుక నీటి మందం కొలుస్తారు, డౌన్ సిండ్రోమ్ అవకాశం ఎంతో దీంతోపాటు చేసే రక్త పరీక్ష బట్టి చెబుతారు. ఇది అవకాశం మాత్రమే, ఖాయం కాదు. రెండోది టిఫా స్కాన్, 18 నుంచి 22 వారాల మధ్య (మే 16 నుంచి జూన్ 13). తల, గుండె, వెన్ను, కిడ్నీలు, కాళ్లూ చేతులూ ఒక్కొక్కటీ చూస్తారు. బిడ్డ సరిగా తిరగక, గుండె కనబడక అరగంట నడిచి రమ్మన్నారంటే భయపడకండి, రోజూ జరిగేదే.

టిఫా ఆలస్యం చేయకూడదనడానికి చట్టం కూడా ఒక కారణం. 2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో, 20 నుంచి 24 మధ్య చట్టంలో చెప్పిన కొందరికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం తీయించుకోవచ్చు. 24 దాటాక బిడ్డలో పెద్ద లోపం ఉంటే మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. ఏడో నెలలో టిఫాకు వస్తే ఆలోచించుకునే వ్యవధే ఉండదు.

ఆడో మగో అడగకండి. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పినవాళ్లకూ చెప్పించుకోవాలని చూసినవాళ్లకూ జైలే.

గ్లూకోజు నీళ్లు తాగించి చేసే పరీక్ష ఏమిటి?

గర్భంతో వచ్చే షుగర్ కోసం. ఒకసారి మొదటి విజిట్‌లో, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య (జూన్ 27 నుంచి జూలై 25). 75 గ్రాముల గ్లూకోజు గ్లాసుడు నీళ్లలో కలిపి 5-10 నిమిషాల్లో తాగాలి. ప్రభుత్వ ఆస్పత్రుల పద్ధతిలో పరగడుపున రానక్కర్లేదు. రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు, 140 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ ఉన్నట్టు. ఆ రెండు గంటలూ ఏమీ తినకూడదు, అటూ ఇటూ తిరగకుండా కూర్చోవాలి. తాగిన అరగంట లోపు వాంతి అయితే మరుసటి రోజు మళ్లీ చేయాలి. అరగంట దాటాక అయితే పరీక్ష కొనసాగించవచ్చు.

ఉందని తేలితే ముందు రెండు వారాలు తిండి, నడక. ఇక్కడ అసలు చిక్కు అన్నంతోనే. ఒకేసారి పళ్లెం నిండా పెట్టుకోకుండా ఒక కప్పు అన్నం, దాని కన్నా ఎక్కువ కూర, పప్పు లేదా గుడ్డు, ఒక గిన్నె పెరుగు. మధ్యాహ్నం తగ్గించినది సాయంత్రం శనగలుగానో పెసలుగానో తినాలి. జావ, పళ్ల రసం తాగితే షుగర్ వేగంగా ఎక్కుతుంది, పండును పండుగానే తినండి. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. అలా రాకపోతే మాత్రలో ఇన్సులినో మొదలుపెడతారు. పూర్తిగా అన్నం మానేసి పస్తులుండటం తప్పు.

కాన్పు తర్వాత ఆరు వారాలకు మళ్లీ చూపించుకోవాలి. తగ్గిపోయిందని వదిలేసినవాళ్లలో చాలామందికి తర్వాతి ఏళ్లలో అసలు షుగరే వస్తుంది.

కాళ్లకు నీరు పట్టింది. ప్రమాదమా?

సాయంత్రానికి పాదాలు ఉబ్బి, రాత్రి పడుకుని లేస్తే తగ్గితే మామూలే. పొద్దున లేచేసరికే ముఖం, చేతులు ఉబ్బి ఉంటే, ఉంగరం బిగుసుకుంటే, వారంలో కిలోకు మించి బరువు పెరిగితే ఆ రోజే బీపీ చూపించాలి.

20 వారాల తర్వాత బీపీ 140/90 గానీ ఆపైన గానీ రెండుసార్లు వస్తే గర్భంతో వచ్చిన బీపీ. మూత్రంలో ప్రోటీన్ కూడా పోతుంటే మూర్ఛలకు, మన పెద్దలు గుర్రపువాతం అనేదానికి, దారి తీయవచ్చు. దీనికి నొప్పి ఉండదు కాబట్టి "నాకేం బాగానే ఉంది" అన్నది లెక్కలోకి రాదు. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, పొట్ట పైభాగంలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకోవడం దీనిలో జరిగే పెద్ద పొరపాటు.

బీపీ చూసే ముందు 5 నిమిషాలు కూర్చోండి. మెట్లెక్కి వచ్చి వెంటనే చూపించుకుంటే ఎక్కువ చూపిస్తుంది.

బొప్పాయి, నువ్వులు, పైనాపిల్ తినకూడదా?

పచ్చి బొప్పాయిలో పాలు ఉంటాయి, అది వద్దు. బాగా పండినది రెండు ముక్కలు తింటే ఏమీ కాదు. ఇష్టం లేకపోతే మానేయండి, నష్టం లేదు. నువ్వులు, పైనాపిల్ మామూలుగా వంటలో, పళ్లలో తినేంత తింటే గర్భం పోదు. సారా, కల్లు, సిగరెట్, గుట్కా, పచ్చి గుడ్డు, సరిగా ఉడకని మాంసం, కాచని పాలు, ఇవి నిజంగా మానాల్సినవి. కాఫీ రోజుకు రెండు చిన్న కప్పులకు మించకుండా చూసుకోండి.

ఇద్దరికి సరిపడా తినాలన్న మాట కూడా నిజం కాదు. రెండో మూడు నెలల నుంచి రోజుకు అదనంగా కావలసింది సుమారు 350 కేలరీలు: ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగలు. అదే సమయంలో "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అని కడుపు మాడ్చడం అంతకన్నా తప్పు. మామూలు బరువున్నవాళ్లు మొత్తం మీద 10 నుంచి 12 కిలోలు పెరగాలి.

తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఇంటికి పట్టుకెళ్లి అందరికీ పంచితే మీ వాటా మిగలదు, అక్కడే కూర్చుని తినమనేది అందుకే.

గ్రహణం రోజు కదిలితే మొర్రి వస్తుందా?

మన భాషలోనే దాన్ని గ్రహణం మొర్రి అంటాం కాబట్టి ఈ భయం అంత తేలిగ్గా పోదు. బిడ్డ పై పెదవి అతుక్కునేది 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి 9 వారాల లోపు. ఏడో నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే అతుక్కున్న పెదవిని చీల్చలేదు. వంశంలో ఉండటం, పొగ తాగడం, కొన్ని మూర్ఛ మందులు, అదుపులో లేని షుగర్, ఇవి తెలిసిన కారణాలు. పెద్దవాళ్ల మాట కాదనలేక ఇంట్లో ఉంటే ఉండండి, కానీ ఉపవాసం వద్దు. నీళ్లు, తిండి, షుగర్ మందు టైంకి పడాలి. మొర్రితో పుట్టినా ఆపరేషన్‌తో చక్కగా సరిచేస్తారు.

బిడ్డ కదలికలు ఎలా లెక్కపెట్టాలి?

తొలిచూలు వాళ్లకు 18-20 వారాలకు, మలిచూలు వాళ్లకు 16 వారాలకే తెలుస్తాయి. మొదట్లో చేప తోక ఆడించినట్టు ఉంటుంది. 28 వారాల నుంచి రోజూ ఒకే టైంలో, భోజనం చేశాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని, పొట్ట మీద చేయి వేసి లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి. చాలామందికి అరగంటలోనే వచ్చేస్తాయి. రాకపోతే, లేదా ఎప్పుడూ తన్నే బిడ్డ ఇవాళ నెమ్మదించిందనిపిస్తే, రేపటికి వాయిదా వేయకండి. "నెలలు నిండాక జాగా లేక కదలదు" అనే మాట నమ్మకండి. కదలిక తీరు మారవచ్చు గానీ తగ్గకూడదు.

భర్తతో కలవవచ్చా? బండి మీద వెళ్లవచ్చా?

రక్తస్రావం, మాయ కిందికి ఉండటం, ఉమ్మనీరు పోవడం, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే అవకాశం, ఇవి లేకపోతే కలవవచ్చు. గతుకుల రోడ్డు మీద బండి తగ్గించండి. కారులో సీటు బెల్టు కింది పట్టీ పొట్ట కిందుగా, పై పట్టీ రొమ్ముల మధ్యగా రావాలి. చాలా విమాన సంస్థలు 36 వారాలు దాటాక ఎక్కనివ్వవు, అంతకు ముందు కూడా డాక్టర్ ఉత్తరం అడుగుతాయి.

జ్వరం వస్తే ఏ మాత్ర?

పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మెడికల్ షాపులో ఇచ్చినా వద్దు, ముఖ్యంగా అయిదో నెల దాటాక. జ్వరం రెండో రోజుకూ తగ్గకపోతే మలేరియా, డెంగీ, మూత్రంలో ఇన్ఫెక్షన్ చూడాలి.

సీమంతం అయ్యాక పుట్టింటికి వెళ్తున్నాను. ఏం చూసుకోవాలి?

చీర సారె కన్నా ముందు ఫైలు సర్దండి. ఎంసీపీ కార్డు, మొదటి స్కాన్ రిపోర్టు (తేదీ దానిలోనే ఉంది), టిఫా రిపోర్టు, బ్లడ్ గ్రూపు కాగితం, వేసుకుంటున్న మందుల చీటీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్. ఇవన్నీ ఫోన్‌లో ఫొటో తీసి భర్త దగ్గర కూడా ఉంచండి. వెళ్లిన వారంలోనే అక్కడి ఏఎన్ఎంను కలిసి, కాన్పు చేయించుకోబోయే ఆస్పత్రిలో ఒకసారి చూపించుకోండి. నొప్పులతో అర్ధరాత్రి మొదటిసారి ఆ గేటులో అడుగుపెట్టే పరిస్థితి రాకూడదు. అర్ధరాత్రి రక్తం కావాల్సి వస్తే ఎక్కడ దొరుకుతుందో, ఎవరిస్తారో కూడా ముందే అడిగి పెట్టుకోండి. వెళ్లడం 34 వారాల లోపు (సెప్టెంబర్ 5 లోపు) అయితే మంచిది.

మంచి ముహూర్తం ఉందని ముందే సిజేరియన్ చేయించుకోవచ్చా?

కొన్ని సిజేరియన్లు తప్పవు: మాయ గర్భాశయ ముఖాన్ని మూసేయడం, బిడ్డ అడ్డంగా ఉండటం, బిడ్డ గుండె వేగం పడిపోవడం, నొప్పులు వచ్చినా ముందుకు సాగకపోవడం. ఎదురుకాళ్లతో ఉన్నా చాలాసార్లు ఆపరేషనే చేస్తారు. వీటికి ముహూర్తం ఉండదు. రక్తహీనత దగ్గర చెప్పిన 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే సిజేరియన్లు దేశం మొత్తం మీద 21.5 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ఇంతమందికి మాయ అడ్డం పడదు.

ముహూర్తం వెనుక ప్రమాదం ఇక్కడ ఉంది. పంతులుగారికి "తొమ్మిదో నెల పడింది" అని చెబుతారు, ఆయన ఆ నెలలో మంచి రోజు చూస్తారు. మన ఉదాహరణలో అది సెప్టెంబర్ 20 అనుకోండి. అప్పటికి 36 వారాల ఒక రోజు. నొప్పులు రాకుండా కోసి తీసిన ఆ బిడ్డకు ఊపిరితిత్తుల్లోని నీరు పూర్తిగా పోక ఆయాసం వస్తుంది, అద్దాల పెట్టెలో పెడతారు. ముర్రుపాలు ఆలస్యమవుతాయి, బిల్లు పెరుగుతుంది. జాతకం బాగుంది, బిడ్డ ఐసీయూలో ఉంది. వైద్య కారణం లేకుండా 39 వారాల ముందు ఆపరేషన్ పెట్టుకోకూడదు. తప్పని సిజేరియన్‌కే రోజు చూసుకోవాలనుకుంటే అక్టోబర్ 10 తర్వాత, డాక్టర్ ఇచ్చిన రోజుల్లోంచి ఎంచుకోండి.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనేదీ తప్పే. లోపల ఉన్న ప్రతి వారం బిడ్డకు బలమే.

మొదటిది సిజేరియన్ అయితే రెండోదీ అదే కావాలని లేదు. కోత అడ్డంగా ఉండి, పాత కారణం ఇప్పుడు లేకపోతే, రాత్రైనా ఆపరేషన్ చేయగల ఆస్పత్రిలో మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు.

ఇవి అసలు నొప్పులేనా?

దొంగ నొప్పులు పొట్ట ముందు పట్టేసినట్టు ఉండి, నడిచినా పడుకున్నా తగ్గిపోతాయి. అసలు నొప్పులు నడుములో మొదలై ముందుకు వస్తాయి, వాటి మధ్య ఎడం తగ్గుతూ పోతుంది, నొప్పి పెరుగుతూ పోతుంది. గడియారం పెట్టి చూడండి. తొలిచూలులో 5 నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయలుదేరండి. మలిచూలు వాళ్లు అంతసేపు ఆగకూడదు. రక్తపు చార ఉన్న జిగురు పడితే రోజు దగ్గరపడినట్టే.

నొప్పులు లేకున్నా వెంటనే వెళ్లాల్సినవి: ఉమ్మనీరు పోవడం (ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే విరేచనం చేసినట్టు), రక్తం పోవడం, మూర్ఛ, కదలిక తగ్గడం. 41 వారాలకు (అక్టోబర్ 24) కూడా నొప్పులు రాకపోతే మందు పెట్టి రప్పిస్తారు.

లేబర్ రూములో ఏం జరుగుతుంది?

గర్భాశయ ముఖం 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. 5 సెంటీమీటర్ల వరకు నెమ్మదిగా, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆ తర్వాత తొలిచూలులో 12 గంటల వరకు మామూలే. ఈ సమయంలో నడవచ్చు, కూర్చోవచ్చు, మంచినీళ్లు తాగవచ్చు. వెల్లకిలా పడుకునే ఉండాలని ఏమీ లేదు. వెంట ఒక ఆడతోడు ఉండటానికి ప్రభుత్వ ఆస్పత్రులు కూడా ఒప్పుకోవాలి. ముఖం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కితే వాపు వచ్చి ఆలస్యమవుతుంది, ముక్కమన్నప్పుడే ముక్కండి. ఎవరైనా పొట్ట మీద బలంగా నొక్కబోతే వద్దనండి.

బిడ్డ బయటికి రాగానే తల్లికి రక్తస్రావం ఆపే ఇంజెక్షన్ వేస్తారు. బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కోస్తే బిడ్డకు మరికాస్త రక్తం చేరుతుంది. బిడ్డను తుడిచి తల్లి ఛాతీ మీద వేయాలి. స్నానం మొదటి రోజు వద్దు.

పాలు పడేదాకా తేనె, పంచదార నీళ్లు పట్టవచ్చా?

వద్దు. మొదటి గంటలోనే రొమ్ము పట్టించాలి, సిజేరియన్ అయినా సరే. పసుపుపచ్చగా చెంచాడే వచ్చే ముర్రుపాలు చాలవని అనిపిస్తుంది, కానీ మొదటి రోజు బిడ్డ పొట్ట పట్టేదీ అంతే. పాలు పుష్కలంగా పడేది మూడు నాలుగు రోజులకు, అదీ బిడ్డ చీకితేనే. తేనెలో ఉండే సూక్ష్మజీవులు పసిబిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. రోజుకు ఆరుసార్లు మూత్రం పోస్తే (అయిదో రోజు నుంచి) పాలు సరిపోతున్నట్టు.

బాలింతకు పథ్యం ఎన్నాళ్లు?

వెల్లుల్లి కారం, పాత పచ్చడితో రోజుకు రెండు పూటలు, నీళ్లు తగ్గించి పెట్టే పథ్యం పాలిచ్చే తల్లికి సరిపోదు. ఇప్పుడు కావలసింది గర్భంతో ఉన్నప్పటి కన్నా ఎక్కువ, మామూలు కన్నా రోజుకు సుమారు 600 కేలరీలు అదనం. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, పెరుగు అన్నీ తినవచ్చు, నీళ్లు దాహం తీరా తాగండి. వెల్లుల్లి, మిరియాలు, కాయం లడ్డు ఇష్టమైతే ఉంచుకోండి, అవి తిండికి తోడు మాత్రమే. గదిలో సాంబ్రాణి పొగ నిండేలా పెట్టకండి, బిడ్డ ఊపిరికి అది మంచిది కాదు.

గంటకు ఒక ప్యాడ్ తడిసేంత రక్తం, గడ్డలు, చెడు వాసన, జ్వరం, పిక్కలో ఒక పక్క నొప్పితో వాపు, రెండు వారాలు దాటినా తగ్గని ఏడుపు, దేనిమీదా మనసు లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించాలి. చివరిది కూడా జబ్బే, మందు ఉంది.

డబ్బు, సెలవు ఏమేం వస్తాయి?

ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం (మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు), రానూపోనూ వాహనం ఉచితం. ఇంటికి దింపడానికి 102 వాహనం ఉంటుంది, డిశ్చార్జి రోజు పొద్దున్నే నర్సుకు గుర్తుచేయండి. ప్రధానమంత్రి మాతృ వందన కింద మొదటి కాన్పుకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు. ఖాతా తల్లి పేరు మీద ఉండి ఆధార్‌తో కలవాలి. డబ్బు ఆగిపోయేది ఎక్కువగా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌బుక్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నచోటే, నమోదుకు ముందే సరిచూసుకోండి.

ప్రైవేటు ఉద్యోగులకు మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో సెలవు, అందులో కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. గత 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి.

బహిష్టు రాలేదు, పాలిస్తున్నాను. మళ్లీ గర్భం వస్తుందా?

రావచ్చు. ఆరు నెలల లోపు, బిడ్డకు రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఏమీ పట్టకుండా, బహిష్టు రాకుండా ఉంటేనే అవకాశం తక్కువ. ఈ మూడింటిలో ఒకటి తప్పినా నమ్మకం లేదు. బహిష్టుకు రెండు వారాల ముందే అండం విడుదలవుతుంది కాబట్టి మొదటి బహిష్టు చూడకుండానే నెల తప్పినవాళ్లున్నారు. కాన్పు అయిన 48 గంటల లోపే కాపర్-టీ వేయించుకోవచ్చు, పాలు తగ్గవు. కావాలంటే నొప్పులు మొదలుకాకముందే డాక్టర్‌కు చెప్పి, కార్డు మీద రాయించుకోండి.